ఊ కొట్టిన పాపానికి

మొన్న ఆషాఢం దాకా మా ఊళ్ళో "ఊ" అనే అక్షరానికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఎవరేం చెబుతున్నా ఊ అనేవాళ్ళం. వింటే అనేవాళ్ళం, వినకపోతే ఇంకా గట్టిగా అనేవాళ్ళం. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను మా ఆవిడ హైమతో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక వంతు అదే. ఆ ఒక్క అక్షరం నన్ను తీసుకెళ్ళి కిడ్నాప్ కేసులో నిలబెడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరు మాత్రం ఊ కొట్టకుండా వినండి. మీ మంచి కోరి చెబుతున్నాను.

పక్క జిల్లాలో ఎవరో పెద్దమనిషి ఇంట్లో కూర్చుని ఎగిరే చాప కథ చదివాడట. చదివి, తుంగచాప చంకన పెట్టుకుని డాబా ఎక్కి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఊఁ, లే" అన్నాడట. చాప లేవలేదు. సాయంత్రం దాకా చూసి, చాప చుట్టుకుని కిందికి దిగొచ్చి, ఉప్మా తిన్నాడు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కాకపోతే ఆ రోజు ఆయన ఆఫీసుకి సెలవు చీటీ పంపలేదు. ఇళ్ళల్లో కూర్చుని మాయలూ మంత్రాల కథలు చదవడం వల్లా, టీవీలో చూడడం వల్లా జనంలో "వాస్తవిక హాజరు" తగ్గిపోతోందని పైవాళ్ళకి బెంగ పట్టుకుంది. ఆ బెంగలోంచి పుట్టింది గృహాంతర్గత ఊహావిహార క్రమబద్ధీకరణ మండలి.

ఇంత పేరు పలికే ఓపిక లేక అందరం దాన్ని ఊ ఆఫీసు అనేవాళ్ళం. పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. పైన బోర్డు మార్చారు గానీ లోపల గోడ మీద పాలిచ్చే గేదె బొమ్మ అలాగే ఉంచేశారు.

మండలి మొదటి ఉత్తర్వు ఇదీ: "కథ చెప్పువారు చెప్పునది కల్పన. దానికి ఊ కొట్టువారు సదరు కల్పన నిజమని అంగీకరించినట్లు భావించవలెను. కావున సదరు కథలో జరుగు సమస్త కార్యములకు ఊ కొట్టినవారే జవాబుదారీ." అంటే చెప్పినవాళ్ళది తప్పు కాదు, విన్నవాళ్ళది తప్పు. మా ఊళ్ళో ఒక లెక్కల మాస్టారు ఊరుకోకుండా, మరి పుస్తకం చదువుకునేవాళ్ళు ఊ కొట్టరు కదా, వాళ్ళ సంగతేమిటని అడిగాడు. వారం తిరక్కుండా రెండో ఉత్తర్వు వచ్చింది. "మౌనం అర్ధాంగీకారం. కావున మౌనముగా చదువుట అర ఊగా పరిగణించబడును." భార్యాభర్తలు ఒకే పుస్తకం మీద తలలు వాల్చి చదివితే ఒక నిండు ఊ కింద జమ. టీవీ చూస్తూ "అయ్యో", "అమ్మో", "చచ్చాడు వెధవ" అనడం ఊతో సమానం. నోట్లో జంతిక ఉండగా వచ్చే శబ్దం ఊ అవునో కాదో పరిశీలనలో ఉంది.

ఇంటింటికీ వారానికో ఊంకార పత్రం ఇచ్చారు. ఆ వారం ఇంట్లో ఏ కథ విన్నారు, ఏ వాక్యానికి ఊ కొట్టారు, ఎవరు కొట్టారు, అన్నీ నింపి సంతకం పెట్టాలి. టైపు చేసినవాళ్ళకి మాట కొత్త, మొదటి విడతలో "హుంకార పత్రం" అని పడింది. మా వీధి చివర ఉండే ప్రసూనాంబ గారు, తాను పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా హుంకరించలేదని రాసి పంపారు.

అందరూ పత్రంలో "కథలు వినలేదు" అని గీసేసి చక్కగా బతికారు. నేను గీయలేదు. కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అసిస్టెంటుని నేను. చూసింది చూసినట్టు రాయడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా ఇల్లు అసలే కథల పిచ్చి కొంప. హాల్లో అలమర నిండా బైండు చేయించిన పాత పిల్లల పత్రికలు, మాంత్రికుల నవలలు. ఆదివారం టీవీలో మాయల సీరియల్ మొదలైతే హైమ పోపు మధ్యలో స్టవ్వు కట్టేసి వచ్చేస్తుంది. ఆదివారం మా ఇంట్లో పచ్చి పోపు తినడం అందరికీ అలవాటే. దీనికి తోడు మా అమ్మాయి అమూల్య, తొమ్మిదేళ్ళది, సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు, మంచం దిగకూడదు. దానికి కాలక్షేపానికని మా మేనత్త పేరిందేవి వచ్చింది.

పేరిందేవత్త ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. రొంటిన ముక్కుపొడి డబ్బీ, నోటి నిండా కథలు. ఆవిడకి ఒకటే షరతు. ప్రతి వాక్యానికీ ఊ కొట్టాలి. ఒక్క ఊ తగ్గినా కథ ఆపేసి, "హలో... హలో... లైన్లో ఉన్నారా?" అంటుంది. అవతలి నుంచి చప్పుడు లేకపోతే లైను తెగినట్టే ఆవిడ లెక్క.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త అమూల్య మంచం మీద చేరి, కాలి కట్టు మీద చెయ్యేసి కథ మొదలెట్టింది.

"కుందనకోటలో హేలావతని ఓ రాకుమారి ఉండేదమ్మా. ఆ పక్క కొండ మీద తుమ్మాసురుడని ఓ రాక్షసుడు. వాడికి పుట్టు జలుబు. వాడు తుమ్మితే మూడూళ్ళ పెంకులు లేచిపోయేవి."

"ఊ," అంది అమూల్య.

"పెంకులు ఎగిరాయని తిట్టేవాళ్ళే గానీ, పసిపిల్లలకి అన్నట్టు వాడికి చిరంజీవ అన్నవాడు ఒక్కడు లేడు. ఓనాడు హేలావతి మేడ మీద తల ఆరబెట్టుకుంటోంది. వాడు తుమ్మాడు. ఈ పిల్ల అలవాటు కొద్దీ చిరంజీవ అనేసింది. వాడికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో వచ్చి పిల్లని ఎత్తుకుపోయాడు."

"ఊ," అన్నాను నేను, గోడకి జారగిలబడి. అదే ఆ ఊ.

"వాడు తుమ్మినప్పుడల్లా ఈ పిల్ల చిరంజీవ అనాలి. అన్నప్పుడల్లా వాడికి వందేళ్ళ ఆయుష్షు పెరుగుతుంది."

"అనకుండా ఊరుకోవచ్చుగా మామ్మా?"

"పెంపకమమ్మా. తుమ్ము వింటే నోరు ఆగొద్దూ? ఇహ ఆ పిల్లని పెళ్ళాడదామని ఆ కోటకే వచ్చిన రాకుమారుడు ఒకడున్నాడు. పిల్లని విడిపించడానికి కత్తి కట్టుకుని గడప దాటబోయాడు. కొండ మీద వాడు తుమ్మాడు. ఒంటి తుమ్ము! పురోహితుడు ఆగమన్నాడు. రాకుమారుడు వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచాడు. మళ్ళీ ఒంటి తుమ్ము. మళ్ళీ మంచినీళ్ళు. అలా ఏడేళ్ళు గడిచాయి."

మిగతాది రేపంది అత్త. నేను లేచి, పత్రం తీసి, అంతా పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టాను.

అయిదో రోజున నోటీసు వచ్చింది. "విషయం: రాకుమారి అపహరణ. తెలిసియుండియు తెలియజేయకపోవుట. సంజాయిషీ కోరుట గురించి."

నోటీసు వెనకాలే మనిషీ వచ్చాడు. పేరు డొంకాడ నరహరి, హోదా క్షేత్రస్థాయి ఊంకారాధికారి. సంచిలోంచి లక్క, కొవ్వొత్తి, రబ్బరు స్టాంపు, పురికొస తీసి మా టీపాయ్ మీద వరసగా పేర్చాడు. కాఫీ ఇస్తే తాగాడు గానీ, బాగుందా అని హైమ అడిగితే తల కూడా ఊపలేదు. ఊపితే ఒప్పుకున్నట్టవుతుందట.

"మీరు సదరు ఊ స్వేచ్ఛగా కొట్టారా, ఒత్తిడికి లోనై కొట్టారా?" అన్నాడు.

"భోంచేసి కొట్టానండి."

"అంటే ఆవులింతతో కూడిన ఊ." రాసుకున్నాడు. "అపహరణ జరిగి ఏడేళ్ళయినట్టు మీరే అంగీకరించారు. ఒక ఆడపిల్ల ఏడేళ్ళుగా నిర్బంధంలో ఉందని తెలిసి, ఊ కొట్టి ఊరుకున్నారు. మనస్సాక్షి లేదా?"

"అది కథండీ."

"కథ కాదని మండలి అనలేదు. మీరు ఊ అన్నారని అంటోంది. సంఘటనా స్థలం ఏది?"

"కొండ."

"ఏ మండలం?"

నేను అత్త వంక చూశాను. అత్త ముక్కుపొడి పీల్చి, "మా అమ్మ మండలం పేరు చెప్పలేదు నాయనా," అంది.

"తదుపరి ఏమి జరిగింది? రాకుమారి దొరికిందా?"

"చెబుతాను. ఊ కొట్టు."

నరహరి పాము మీద కాలేసినవాడిలా వెనక్కి జరిగాడు. ఊంకారాధికారికి ఊ వినే అధికారమే గానీ కొట్టే అధికారం లేదట. రాకుమారి ఆచూకీ తేలేవరకు ఈ ఇంట్లో అన్ని రకాల ఊలూ నిలిపివేయడమైనదని చదివాడు. పుస్తకాల అలమరకి పురికొస చుట్టి లక్క సీలు వేశాడు. టీవీ రిమోటుని కవర్లో పెట్టి అంటించాడు. వెళ్తూ వెళ్తూ చివరి పేరా చదివాడు. "పదిహేను దినములలోగా రాకుమారి లభ్యము కానిచో, కథకురాలిని శ్రోతల నుండి ఆరు నెలల పాటు వేరుచేసి స్వస్థలమునకు పంపవలెను."

అమూల్య అంతదాకా బుద్ధిగా వింటోంది. ఆ మాటతో దుప్పటి ముసుగేసుకుని ఏడుపు లంకించుకుంది. కాలు విరిగిన రోజు కూడా అది అంతలా ఏడవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో నరహరి చెప్పుల మీద నీళ్ళు పోద్దామనుకున్నాను గానీ, అది హుంకార పత్రంలో రాయాల్సొస్తుందని ఆగాను.

మర్నాడు హైమకి ఓ ఉపాయం తట్టింది. ఊ అంటే కదా ఒప్పుకోవడం, ఊహూ అంటే ఏ చట్టం ఏం చేస్తుంది? అందరం మంచం చుట్టూ చేరాం.

"ఆ కొండ మీద హేలావతి కూర్చుని ఉంది," అంది అత్త.

"ఊహూ," అన్నాం ముగ్గురం.

"కూర్చోలేదా? పోనీ నిలబడింది."

"ఊహూ."

"ఏమిట్రా మీ ఊహూ? కూర్చోక, నిలబడక, గాల్లో వేలాడుతోందా? మీకు తెలిసిన కథే అయితే మీరే చెప్పుకోండి." అత్త డబ్బీ మూత టక్కున వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట కందిపచ్చడిలో కారం కూడా ఎక్కువ పడింది.

ఇక్కడ మేం ఇలా చస్తుంటే అక్కడ మండలి పని చురుగ్గా సాగింది. గాలింపు బృందం ఒకటి బయల్దేరి చుట్టుపక్కల మూడు కొండలు వెతికింది. ఒకదాని మీద గుడి ఉంది, ఒకదాన్ని కంకర కోసం తవ్వేశారు, మూడోది తీరా ఎక్కాక కొండ కాదు, చెరువు పూడిక తీసి పోసిన మట్టి దిబ్బ. దాని మీదే "తుమ్మాసురునకు తెలియజేయునది" అంటూ నోటీసు కర్ర పాతి అంటించి వచ్చారు. ఊళ్ళో గోడల మీద "కనబడుట లేదు" కాగితాలు వెలిశాయి. "పేరు హేలావతి. వయస్సు అపహరణ నాటికి పదహారు, ప్రస్తుతము ఇరవై మూడు. ఆనవాళ్ళు: తల ఆరబెట్టుకొనుచుండును." వారంలో పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకాయన బస్టాండులో అరటిపళ్ళు బేరమాడుతుంటే చూశానన్నాడు. ఇంకొకాయన, "మా మేడ మీద ఒకావిడ రోజూ గంటసేపు తల ఆరబెట్టుకుంటుందండీ, వచ్చి తీసుకుపోండి," అన్నాడు. తీరా వెళ్తే ఆవిడ ఆయన భార్య.

రాకుమారుడిక్కూడా మెమో వెళ్ళింది, విధి నిర్వహణలో ఏడేళ్ళ జాప్యానికి. అతని చిరునామా దొరక్క, ఊ కొట్టినవాణ్ణి గనక నాకే ఇచ్చారు. బయల్దేరినప్పుడల్లా ఒంటి తుమ్ము వినబడ్డందున వెళ్ళలేకపోయాడని అతని తరఫున నేను రాసిచ్చాను. మండలి ఆ సంజాయిషీని ఒక్క పూటలో ఆమోదించింది. "ఒంటి తుమ్ము వినబడిన యెడల ఫైలు కదపరాదు, వచ్చే వారమునకు వాయిదా వేయవలెను అనునది ఈ కార్యాలయపు ఆనవాయితీయే. కావున రాకుమారుని ప్రవర్తన తృప్తికరం." ఆ మొత్తం వ్యవహారంలో నాకు అర్థమైన కాగితం అదొక్కటే.

పదిహేనో రోజు విచారణ. అత్త సంచీ సర్దేసుకుంది, మర్నాడు పొద్దున్న బస్సుకి. అమూల్య కట్టు కాలితో ఆటోలో అడ్డంగా కూర్చుని, మామ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. దారి పొడుగునా, "కొండ మీదేమైందో ఒక్క ముక్క చెప్పు మామ్మా," అని గొణుగుతూనే ఉంది. అత్త, "ఊ కొట్టలేవు కదమ్మా," అని దాని తల నిమిరింది.

గేదె బొమ్మ కింద పొడుగు బల్ల. బల్ల వెనకాల ఎనిమిదిమంది అధికారులు. మధ్యలో కమిషనర్ ముక్తేశ్వరరావు గారు, బట్టతల, గంభీరమైన మొహం, మెడకి మఫ్లరు. పక్కన ఒక స్టెనో.

"రాకుమారి ప్రస్తుత ఆచూకీ మీకు మాత్రమే తెలియునని మండలి నిర్ధారణకు వచ్చింది," అన్నారాయన అత్తతో. "ఆచూకీ తెలిపి ఫైలు ముగించుటకు సహకరించవలసింది."

"అలాగే నాయనా. ఏడేళ్ళు గడిచాయని చెప్పానా? ఓ వానాకాలం వాడి జలుబు మరీ ముదిరింది." అత్త ఆగింది.

గదిలో చప్పుడు లేదు. ఫ్యాను ఒకటే తిరుగుతోంది.

"హలో," అంది అత్త. "హలో... లైన్లో ఉన్నారా?"

"మేము వింటున్నాం. మీరు చెప్పేది నమోదవుతోంది."

"నమోదు సరే. వినబడుతోందా?"

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "మౌనం అర్ధాంగీకారం. ఇక్కడ ఎనిమిదిమందిమి మౌనంగా ఉన్నాం. నియమం ప్రకారం మీకు నాలుగు ఊలు అందినట్టే."

"అరలూ పాతికలూ నా చెవిదాకా రావు నాయనా. నిండు ఊ కావాలి."

ఆ నిండు ఊ ఎవరు కొట్టాలన్నదాని మీద ముప్పావుగంట చర్చ జరిగింది. నరహరికి అధికారం లేదు. సూపరింటెండెంటు గారు, పై అధికారి ఎదుట తాను ముందుగా ఊ కొడితే అవిధేయత అవుతుందన్నారు. ఇంకొకాయన, "సార్, తమరు ఏది సెలవిచ్చినా ఇన్నేళ్ళుగా మేం ఊ అంటూనే ఉన్నాం కదా, అందులోంచి ఒకటి వాడుకోవచ్చేమో," అన్నాడు. చివరికి కమిషనర్ గారు, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, తాత్కాలిక ప్రాతిపదికన, ఆ బాధ్యత తామే స్వీకరిస్తున్నట్టు ప్రకటించారు. అత్త వైపు తిరిగి, గంభీరంగా, "ఊ," అన్నారు.

"ఊ, ఒకటి," అని రాసుకుంది స్టెనో.

"ఆ జలుబు చూసి హేలావతికి వాడి మీద కోపం పోయి జాలేసింది. ఎంత రాక్షసుడైనా ముక్కు కారుతుంటే ఎవరికి జాలెయ్యదు?"

"ఊ."

"పిల్ల లేచి, కొండరాళ్ళ మీద మిరియాలు నూరి, చారు కాచింది. పుట్టాక వాడికి మిరియాల చారు పెట్టినవాళ్ళు లేరు. గంగాళం ఎత్తి పీల్చాడు. ఘాటు నషాళానికి అంటి, మొట్టమొదటిసారి, హాచ్, హాచ్ అని రెండు తుమ్ములు తుమ్మాడు."

"ఊ! జంట తుమ్ములు!" కమిషనర్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. "శుభం కదమ్మా! రాకుమారుడు బయల్దేరాడా?"

"ఉండు నాయనా, తొందరేమిటి. పురోహితుడు శుభం అన్నాడు. రాకుమారుడు లేచాడు."

"ఊ, ఊ..."

"లేచాడు గానీ, ఏడేళ్ళ అలవాటు, చెంబెత్తి మంచినీళ్ళు తాగుతూ నిలబడిపోయాడు. అక్కడ కొండ మీద రాక్షసుడికి ముక్కు దిబ్బడ వదిలింది. పుట్టాక మొదటిసారి నిండా ఊపిరి పీల్చి, పువ్వుల వాసన చూసి, భోరున ఏడ్చాడు. 'తల్లీ, నీ ఇంటికి నువ్వెళ్ళిపో' అన్నాడు."

కమిషనర్ గారు మఫ్లరు కొసతో కళ్ళొత్తుకుని, "ఊ," అన్నారు. అది గట్టిగా వినబడలేదు గానీ అత్త ఒప్పుకుంది.

"పిల్ల కొండ దిగి, నడుచుకుంటూ, తన ఇంటికి తాను వచ్చేసింది. కోట గుమ్మంలో రాకుమారుడు ఇంకా చెంబు దించలేదు. 'కాస్త తప్పుకోండి' అని పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది."

కమిషనర్ గారు బల్ల మీద చరిచి మరీ నవ్వారు. మిగతా ఏడుగురూ నవ్వారు. నరహరి కూడా నవ్వబోయి, అది ఏ కాలమ్‌లోకి వస్తుందో తెలియక నోరు మూసుకున్నాడు. నేను అమూల్య మొహం చూశాను. పదిహేను రోజుల తర్వాత దాని మొహం విప్పారింది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

"మామ్మా," అంది అది. "వాడి జలుబు పూర్తిగా పోయిందా?"

"జలుబు పూర్తిగా ఎవరికి పోతుందమ్మా? అప్పుడప్పుడూ తుమ్ముతూనే ఉంటాడు."

"మరి ఇప్పుడు వాడికి చిరంజీవ ఎవరంటారు?"

అత్త దాని కాలి కట్టు సవరించింది. "అది నాకూ తెలీదు తల్లీ. మా అమ్మ నాకు అక్కడిదాకే చెప్పింది."

నేను మీకు కుదించి చెప్పాను గానీ, అత్త కథ గంటసేపు సాగింది. స్టెనో కాగితాలు తిరగేసి లేచి నిలబడింది. "మొత్తం డెబ్బై మూడు ఊలు సార్. అందులో ఆరు 'ఊ, ఊ, తర్వాత?' రకం."

గదిలో నవ్వు టక్కున ఆగింది. మండలి పుట్టాక ఒక్క మనిషి ఒక్క బిగిన అన్ని ఊలు కొట్టిన దాఖలా లేదు. అపహరణ తెలుసు, నేరస్థుడు స్వేచ్ఛగా తిరుగుతున్నాడని తెలుసు, పైగా వాడి కోసం కన్నీరు పెట్టుకున్నట్టు ఏడుగురు సాక్షులు. నరహరి విధేయంగా సంచిలోంచి కొత్త నోటీసు ఫారం తీశాడు. "సార్, తమరు సదరు ఊలు స్వేచ్ఛగా కొట్టారా, ఒత్తిడికి లోనై కొట్టారా?"

కమిషనర్ గారికి బట్టతల మీద చెమట పట్టింది. కాసేపు గేదె బొమ్మ వంక చూసి, అత్త వైపు తిరిగారు. "అమ్మా, అసలు ఊ అంటే ఏమిటంటారు?"

"లైను తెగలేదని చెప్పడం నాయనా. నేనిక్కడే ఉన్నాను, నువ్వు చెప్పు అనడం. అంతే. ఒప్పుకోలూ లేదు, తప్పుకోలూ లేదు."

ఆయన స్టెనోకి చెప్పి రాయించారు. "ఊ అనగా లైను తెగలేదని తెలియజేయుట మాత్రమే. అంగీకారము కాదు. మునుపటి ఉత్తర్వులు ఇందుమూలముగా రద్దు. సీళ్ళు తొలగించవలెను. కథకురాలు శ్రోతల వద్దనే ఉండవలెను." కాగితం ఆయన ముందుకొచ్చింది. పెన్ను తీశారు. మూత తిప్పారు. కాగితం మీద ఆనించారు.

"హాచ్!"

ఒంటి తుమ్ము. ఎనిమిదిమందీ కళ్ళు మూసుకున్నారు. ఆనవాయితీ ఆనవాయితీయే. నరహరి ఫైలు లాక్కుని పురికొస చుట్టడం మొదలెట్టాడు. వచ్చే వారానికి వాయిదా. అత్త బస్సు రేపు పొద్దున్న. హైమ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ మాట్లాడలేదు, ఏం మాట్లాడితే ఏ నేరమో తెలియదు కనక.

"చిరంజీవ," అంది అమూల్య.

అందరూ అటు తిరిగారు. కమిషనర్ గారు కూడా తిరిగారు. ఆయన మొహంలో గాంభీర్యం ఎటు పోయిందో తెలీదు, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా చూశారు. "మా అమ్మ పోయాక నాకెవరూ అనలేదమ్మా," అన్నారు.

పేరిందేవత్త కుర్చీలోంచి లేచి, రొంటిన ఉన్న డబ్బీ తీసి, మూత తెరిచి, బల్ల మీదుగా ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "కానీ నాయనా," అంది.

"హాచ్!!"

గేదె బొమ్మ మీంచి దుమ్ము రాలింది. "జంట తుమ్ము!" అని ఏడు గొంతులు ఒక్కసారి అరిచాయి. "చిరంజీవ!" అంది అమూల్య మళ్ళీ. నరహరి చుట్టిన పురికొస వాడే విప్పాడు. కమిషనర్ గారు ముక్కు తుడుచుకుని, సంతకం పెట్టి, కింద తేదీ వేసి, దాని కింద ఎందుకో చిన్నగా ఇంకో సంతకం కూడా పెట్టారు.

తిరుగు ఆటోలో నేనూ హైమా అటూ ఇటూ, మధ్యలో అత్త, అత్త ఒళ్ళో అమూల్య కట్టు కాలు. సాయంత్రం ఎండ పడుతోంది. పదిహేను రోజుల తర్వాత మా ఇంటికి మాకిష్టమైనట్టు వెళ్తున్నామన్న సంతోషంలో నాకేమీ పట్టలేదు.

"నాన్నా, నేను రెండుసార్లు చిరంజీవ అన్నాను కదా," అంది అమూల్య.

"ఊ," అన్నాను హాయిగా.

"అన్నప్పుడల్లా వందేళ్ళ ఆయుష్షు కదా."

"ఊ."

"అయితే ఇంకో రెండొందలేళ్ళు ఆయనే కమిషనరా?"

ఈసారి నా నోట ఊ రాలేదు. హైమ నా వంక చూసింది. నేను బయటికి చూశాను. గోడల మీద హేలావతి కాగితాలు వరసగా వెనక్కి పోతున్నాయి.

"హలో," అంది పేరిందేవత్త.